తాళం, ఫుల్‌స్టాప్, ఒక కవర్ స్టోరీ

జర్నలిజం గది గోడకు అంటించిన చార్టు మళ్లీ ఊడి కింద పడింది. ఈసారి ఆమె దాన్ని తీయలేదు. నేరుగా పక్క గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"హలో! మీ డ్రమ్స్ దెబ్బకి మా గోడ మీద ఒక్క కాగితం నిలవట్లేదు. కాస్త ఆపుతారా?"

డ్రమ్స్ వెనక కూర్చున్న కుర్రాడు కర్రలు గాల్లోనే ఆపి చూశాడు. నుదుటి మీద చెమట, ముఖం నిండా నవ్వు.

"టేప్ మార్చి చూడండి."

"మీరు వాయించే పద్ధతి మార్చి చూడండి!"

"ఏం, పద్ధతి బాగాలేదా?"

"ఉంటేగా బాగుండటానికి! ఇందాకటి పాటలో మీరు ముందు పరిగెత్తారు. పాపం ఆ పాడే అబ్బాయి మీ వెనకాల ఆయాసపడుతూ వచ్చాడు."

కర్రలు మెల్లగా కిందికి దిగాయి. నవ్వు మాత్రం దిగలేదు. "గోడకి అవతల నుంచి అంత శ్రద్ధగా విన్నారన్నమాట!"

ఆమె తలుపు ధడాలున మూసి వచ్చేసింది.

ఆమెను అందరూ ఫుల్‌స్టాప్ అనేవారు. ఎవరు ఏం రాసిచ్చినా సగం కొట్టేసి, మిగిలినదాని చివర చుక్క పెట్టి తిరిగిచ్చేది. అతన్ని తాళం అనేవారు. డ్రమ్స్ వాయిస్తాడు కాబట్టి అని కొందరు, హాస్టల్ గది తాళంచెవి అస్తమానం పారేసుకుంటాడు కాబట్టి అని కొందరు. రెండూ నిజమే.

ఫుల్‌స్టాప్ జర్నలిజం చివరి సంవత్సరంలో ఉంది. విద్యార్థుల కోసం ఒక మ్యూజిక్ మ్యాగజైన్ తేవాలన్నది ఆమె పట్టుదల. కాలేజీ కమిటీ మాత్రం ఊరికే ఒప్పుకోలేదు. "దీన్ని ఎవరు చదువుతారో, ఎందుకు చదువుతారో తెలుసుకుని రండి. అప్పుడు చూద్దాం" అంది.

ఆ పని మీదే ఆమె నలభై ప్రశ్నలతో సర్వే తయారుచేసింది. జర్నలిజం మేడమ్ దాన్ని తిరగేసి కళ్లజోడు తీసింది.

"ఎంతమంది పూర్తి చేశారమ్మా?"

"ఇద్దరు మేడమ్."

"ఎవరెవరు?"

"నేనూ, మా బాబాయి కూతురూ."

మేడమ్ నవ్వు ఆపుకుంటూ పక్క గది వైపు తల తిప్పి, "ఏయ్ తాళం! ఇలా రా" అని కేకేసింది. "ఈ క్యాంపస్‌లో వీడికి తెలియనివాళ్లు లేరు. రేపటి నుంచి వీణ్ణి వెంటబెట్టుకుని తిరుగు."

"మేడమ్!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆమె గొంతులో ఏడుపు, అతని గొంతులో సంబరం.

* * *

మర్నాడు క్యాంటీన్‌లో ఆమె సర్వే తీయగానే ఎదురుగా కూర్చున్నవాళ్లు టీ సగంలో వదిలేసి లేచారు.

"చూశావా? నిన్ను చూసి పరీక్ష పేపర్ అనుకున్నారు" అన్నాడు తాళం. అప్పటికే మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఎప్పుడైందో ఇద్దరికీ గుర్తులేదు. "నన్ను అడగనీ."

అతను పక్క టేబుల్ దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న ఒక అమ్మాయిని చూసి కనుబొమలు ఎగరేశాడు.

"ఏం వింటున్నావ్?"

ఆ అమ్మాయి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఏం వినట్లేదు. చెవుల్లో ఇవి ఉంటే ఎవరూ పలకరించరని పెట్టుకుంటా."

తర్వాత ఆ అమ్మాయే అరగంట మాట్లాడింది. ఇంట్లో గొడవైనప్పుడు ఏ పాట పెడుతుందో, ఆ పాట తన అన్నయ్యకు ఎందుకు నచ్చదో అన్నీ చెప్పింది. ఫుల్‌స్టాప్ రాసుకుంటూనే ఉంది. ఒక్క మాట కూడా కొట్టేయాలనిపించలేదు.

ఆ రోజు నుంచి ఒకటే ప్రశ్న. బస్టాప్‌లో, లైబ్రరీ మెట్ల మీద, హాస్టల్ బట్టలారేసే డాబా మీద. అతను "ఏం వింటున్నావ్?" అంటాడు. జవాబు వచ్చాక ఆమె మెల్లగా, "ఎవరితో కలిసి విన్నావ్ మొదటిసారి?" అంటుంది. ఆ రెండో ప్రశ్నకు సిగ్గుపడనివాళ్లు లేరు.

"మరి నువ్వు?" అని ఒకసారి అతను ఆమెనే అడిగాడు.

"నేను ఎడిటర్ని. ఎడిటర్లు జవాబులు చెప్పరు."

"సరే. నన్నడుగు."

"అడగను."

"భయమా?"

"బస్సొచ్చింది" అంది ఆమె. రాలేదు.

పత్రికకు పేరు కూడా అలాగే కుదిరింది. 'ఏం వింటున్నావ్?' అని ఆమె చార్టు మీద రాస్తే, అతను కింద ఒక పెద్ద చెవి బొమ్మ గీశాడు. చూడ్డానికి అది వంకాయలా ఉంది. ఆమె కొట్టేయలేదు.

రాసుకున్న జవాబులన్నీ ముందేసుకుని కూర్చున్నప్పుడు ఒక విషయం ఆమె కంటపడింది. కచేరీ నుంచి వచ్చాక చెవుల్లో గుయ్యిమంటుందని చాలామంది అన్నారు. అన్నవాళ్లంతా నవ్వుతూనే అన్నారు.

"కవర్ స్టోరీ దొరికింది!" అని ఆమె కుర్చీలోంచి లేచింది. "పాటంటే చెవి కోసుకునేవాళ్లం, ఆ చెవి సంగతే పట్టించుకోం. ఎలా ఉంది?"

అతను కర్రల్ని వేళ్ల మధ్య తిప్పుతూ, "బాగుంది" అన్నాడు. ఆ ఒక్క మాటే. వాగుడుకాయ ఒక్క మాటతో సరిపెడితే ఆమెకు అనుమానం రావాల్సింది. సంతోషంలో రాలేదు.

* * *

ఆమె నాన్న వినికిడి పరీక్షలు చేస్తాడు. ఇంటి ముందు గదే క్లినిక్. మూలన టెలిఫోన్ బూత్‌కి పెద్దన్నలాంటి ఒక గాజు గది. బయటి చప్పుడు లోపలికి రాదు. ఆయన్ను ఇంటర్వ్యూ చేయడానికి ఇద్దరూ వెళ్లారు.

"డ్రమ్స్ వాయిస్తావా బాబూ? అయితే ముందు లోపల కూర్చో. తర్వాత ఇంటర్వ్యూ" అన్నాడాయన.

"అయ్యో వద్దంకుల్, నాకు బాగానే..."

"ఫీజు లేదు. కూర్చో."

హెడ్‌ఫోన్స్ పెట్టారు. చిన్న శబ్దం వినబడగానే బటన్ నొక్కాలి. కుడి చెవికి చకచకా నొక్కాడు. ఎడమ చెవికి వచ్చేసరికి అతని బొటనవేలు బటన్ మీద అలాగే ఉండిపోయింది. గాజు బయట నుంచి ఆమె ఆ వేలినే చూస్తూ నిలబడింది.

"సన్నటి శబ్దాలు ఎడమ చెవికి సరిగ్గా అందట్లేదు" అన్నాడాయన మెత్తగా. "పోయింది తిరిగి రాదు నాన్నా. ఉన్నది కాపాడుకోవచ్చు. వాయించేటప్పుడు చెవుల్లో ప్లగ్స్ పెట్టుకో. మధ్యమధ్య చెవులకి సెలవియ్యి."

బయటికి వచ్చేసరికి వాన. ఒకటే గొడుగు. అతను ఎప్పటిలాగే ఆమెకు ఎడమ పక్కకు వచ్చాడు.

"ఇన్నాళ్లూ నువ్వు ఇటు పక్కనే నడుస్తుంటే, రోడ్డు వైపు నన్ను రానివ్వని జెంటిల్‌మన్‌వి అనుకున్నా" అంది ఆమె.

"అటు నడిస్తే నీ మాటలు సగమే వినబడతాయి. నువ్వు నన్ను తిట్టే తిట్లు సగం వృథా అయిపోతాయి."

ఆమె నవ్వలేకపోయింది.

"ఎవరికీ చెప్పకు ప్లీజ్" అన్నాడతను. "వార్షికోత్సవంలో వాయించాలి. బ్యాండ్‌లో తెలిస్తే ఇంకొకణ్ణి కూర్చోబెడతారు."

"చెప్పను. ఒట్టు."

గొడుగు చిన్నది. వాన పెద్దది. ఇద్దరికీ చెరో భుజం తడిసింది. తడవని భుజాలు ఒకదానికొకటి తగులుతూ బస్టాప్ దాకా వెళ్లాయి.

* * *

కమిటీ ముందు ఆమె బాగా మాట్లాడింది. పేరు నచ్చింది, పేజీల ప్లాన్ నచ్చింది. కవర్ స్టోరీ దగ్గర ప్రిన్సిపాల్ ఆగాడు.

"చెవులు పాడైపోతాయని భయపెట్టడం బాగానే ఉందమ్మా. కుర్రవాళ్లకి ఇవన్నీ ఎక్కడొస్తాయి? మన కాలేజీలో ఒక్కరున్నారా అలాంటివాళ్లు?"

"ఎందుకు లేరు సార్! రోజూ డ్రమ్స్ ముందు కూర్చునే..."

నాలుక కరుచుకుంది. ఆలస్యమైంది. ఆ కాలేజీలో డ్రమ్మర్ ఒక్కడే. గదిలో తలలన్నీ తాళం కూర్చున్న వెనక బెంచీ వైపు తిరిగాయి.

తాళం చప్పుడు చేయకుండా లేచి బయటికి వెళ్లిపోయాడు. పత్రికకు ఆ రోజే అనుమతి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు ఆ చప్పట్లు ఎక్కడో దూరాన మోగినట్టున్నాయి.

సాయంత్రానికి కబురు బ్యాండ్ చెవిన పడింది. మర్నాడు పక్క గదిలో డ్రమ్స్ మోగలేదు. గోడ మీద చార్టు కదలకుండా నిలబడింది. దాన్ని చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది.

రెండు రోజులు ఫోన్ చేసినా ఎత్తలేదు. మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"ఆ కవర్ స్టోరీ తీసేస్తున్నా మేడమ్."

"అది చూసే కమిటీ ఒప్పుకుంది. తీసేస్తే పత్రికే ఆగిపోవచ్చు."

"ఆగిపోనీయండి. ఒట్టేసి నోరు జారాను. దానిమీద పత్రిక నడపలేను."

అక్కడి నుంచి తిన్నగా బ్యాండ్‌లో పాడే అబ్బాయి దగ్గరికి వెళ్లింది. అతను గిటార్ తీగలు బిగిస్తున్నాడు.

"అతన్ని తీసేశారా?"

"తీసెయ్యలేదు. వాడే రానన్నాడు. అయినా చెవి బాగాలేనివాణ్ణి ఎలా..."

"అతని చెవి బాగానే తాళం వేస్తోంది. నువ్వే దాన్ని అందుకోలేక ఆయాసపడుతున్నావ్. అతని వెనకాల మీ స్పీకర్ ఎంత గట్టిగా పెడతారో ఎప్పుడైనా అతని సీట్లో కూర్చుని విన్నావా? ఈసారి నువ్వు కూర్చో. తర్వాత చెప్పు ఎవరిని మార్చాలో, స్పీకర్నా, మనిషినా."

ఆ అబ్బాయి గిటార్ పక్కన పెట్టాడు. ఆమె ఇంటి దారి పట్టింది.

* * *

గుమ్మంలో చెప్పులు చూసి ఆమె ఆగిపోయింది. లోపల తాళం స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు. నాన్న అతని చెవికి ప్లగ్స్ కొలత తీస్తున్నాడు. అమ్మ టీ గ్లాసు పట్టుకుని, "ఎంత చిక్కిపోయాడో చూడండి, హాస్టల్ తిండి" అంటోంది. తొలిసారి చూసిన మనిషి చిక్కిపోయాడని అమ్మకెలా తెలిసిందో అమ్మకే తెలియాలి.

"మీరిద్దరూ మాట్లాడుకోండి. అదిగో ఆ గదిలోకి వెళ్లండి. అక్కడైతే పేషెంట్లకి ఇబ్బంది ఉండదు" అన్నాడు నాన్న.

గాజు గదిలో రెండు కుర్చీలు పట్టవు. అతను నిలబడ్డాడు.

"సారీ" అంది ఆమె. "చెప్పనని చెప్పి అందరి ముందూ చెప్పేశాను. కవర్ స్టోరీ తీసేశాను. పత్రిక ఆగిపోయినా సరే."

"ఎవరడిగారు తియ్యమని?"

"నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. రెండు రోజులు నిన్ను బాగా తిట్టుకున్నా. కుడి చెవికే వినబడేలా." అతను గాజు మీద వేలితో మెల్లగా తట్టాడు. "తర్వాత అనిపించింది, ఇది నేను చెప్పాల్సిన మాట. దాచుకుని రోజూ భయపడుతూ వాయించాను. నాలాంటివాడు ఇంకొకడు ఏ హాస్టల్లోనో నవ్వుతూ దాచుకుంటూ ఉంటాడు. ఆ కథ నా పేరుతోనే వెయ్యి. నేను చెప్తా, నువ్వు రాయి."

ఆమె బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. అతను చెప్తూ పోయాడు. మొదటిసారి గుయ్యిమన్న రోజు, గాయకుడి మాటలు పెదవుల కదలిక చూసి పోల్చుకోవడం, బటన్ మీద ఆగిపోయిన వేలు. ఆమె అక్షరం మార్చకుండా రాసింది.

"ఇంకొక్క వాక్యం" అన్నాడతను. "రాసుకో. గోడకి అవతల నుంచి నన్ను విన్న ఎడిటర్ అంటే నాకు చాలా ఇష్టం."

కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి.

"ఈ వాక్యానికీ వ్యాసానికీ సంబంధం లేదు" అంది ఆమె తలెత్తకుండా.

"అయితే కొట్టెయ్."

"కొట్టేస్తా. పత్రికలోంచి." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఆ ఎడిటర్‌కి కూడా నువ్వంటే... అదే. ఎడిటర్లు జవాబులు చెప్పరు కానీ, ఈ ఒక్కసారికి చెప్తోంది. ఇష్టం."

అప్పుడు గోడకున్న చిన్న స్పీకర్‌లోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, లోపల మైక్ ఆన్‌లో ఉంది. పేషెంట్లు చెప్పేది నాకు వినబడాలిగా" అన్నాడు నాన్న. వెనకాల నుంచి అమ్మ గొంతు, "ఆపేశారేంటి? అడగండి, వాళ్లింట్లో చెప్పాడో లేదో!"

ఫుల్‌స్టాప్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తాళం స్పీకర్ వైపు తిరిగి నిటారుగా నిలబడ్డాడు.

"ఇంకా లేదాంటీ. వచ్చే ఆదివారం వెళ్లి చెప్తాను."

"ఒక్కడివే వెళ్లకు బాబూ" అన్నాడు నాన్న. "కంగారులో సగం మింగేస్తావ్. మేమూ వస్తాం."