ఐదు నుంచి ఆరు దాకా తెలుగు బంద్

గొడుగు ఉండి కూడా తల మొత్తం తడుపుకొని వచ్చిన మనిషిని సుమన్ అంతవరకు చూడలేదు. ఆ అమ్మాయి గొడుగును తన నెత్తిన కాక, చేతిలో ఉన్న చిన్న రికార్డర్ మీద పట్టుకొని వచ్చింది. అయినా రికార్డర్ తడిసింది.

గిద్దలూరు బస్టాండు ఎదురుగా సుమన్‌కు సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. తడిసిన వస్తువు తెచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పే మాటే ఆమెకూ చెప్పాడు, గ్యారంటీ లేదని.

"గ్యారంటీ వద్దన్నా. అందులో ఉన్న గొంతు పోకుండా చూడండి, చాలు," అంది.

ఎవరి గొంతో అనుకున్నాడు సుమన్. ఇంత చక్కటి అమ్మాయి ఎవరి గొంతు కోసమో వానలో పరిగెత్తుకు రావడం అతనికి ఎందుకో నచ్చలేదు. అయినా మరలు విప్పి, లోపలంతా వేడిగాలితో ఆరబెట్టి, మళ్లీ బిగించాడు. ఆమె అరుగు చివర నిలబడి చున్నీ పిండుకుంటూ ఉంది. పనిచేస్తుందో లేదో చూద్దామని మీట నొక్కాడు.

లోపలి నుంచి ఒక ముసలావిడ గొంతు వచ్చింది. అది తన సొంత అవ్వ శేషమ్మ గొంతు.

తెలుగు కాదు. ఎరుకల వాళ్లు ఇళ్లల్లో మాట్లాడుకునే కుర్రు భాష. అవ్వ దాన్ని ఎప్పుడో మరిచిపోయానని ఊరందరికీ చెప్తుంది. మరిచిపోయిన మనిషి ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతోంది. అదీ మనవడి గురించే. బారెడు పొద్దెక్కినా లేవడట. లేచాక అద్దం ముందు నుంచి కదలడట. ఊళ్లో ఫోన్లన్నీ బాగుచేస్తాడు గానీ ఇంట్లో కుళాయి కారుతున్నా చూడడట.

"ఆ కుళాయి మొన్ననే బిగించినా," అన్నాడు సుమన్, రికార్డర్‌తో.

చున్నీ పిండుతున్న చేతులు ఆగిపోయాయి. ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

"మీకు అర్థమైంది."

"ఏంది అర్థమయ్యేది? గొంతును బట్టి ఊహించినా."

"గొంతును బట్టి కుళాయిని ఊహించారా?"

సుమన్ రికార్డర్ ఆపేశాడు. ఆమె ముఖంలో వచ్చిన వెలుగు చూస్తే, తడిసిన రికార్డర్ సంగతే మరిచిపోయినట్టు ఉంది. అంతలోనే ఏదో గుర్తొచ్చి ముఖం గంభీరంగా పెట్టుకుంది. అవ్వ అనుమతి లేకుండా ఆ మాటలు ఎవరికీ వినిపించనని తాను మాటిచ్చానని, అతను విని తప్పు చేశాడని చెప్పింది.

"నన్ను తిట్టిన తిట్లు నేను వినేదానికి కూడా పర్మిషన్ కావాల్నా?"

"కావాలి. రేపు మీ ఇంటికొచ్చి అవ్వకు చెప్తాను. మీరూ ఉండండి," అని గొడుగు మళ్లీ రికార్డర్ మీదే పట్టుకొని వానలోకి వెళ్లిపోయింది.

ఆమె పేరు శివపార్వతి. పామూరు అమ్మాయి. మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్న భాషల మీద యూనివర్సిటీలో పనిచేస్తుంది. ఉన్న మాటల్ని రికార్డు చేసి పెట్టడం అందులో సగం పని, వాటిని మళ్లీ మనుషుల నోళ్లలోకి తేవడం మిగతా సగం. కొన్నాళ్లుగా ఆమె రోజూ పొద్దున్నే వచ్చి శేషమ్మతో మాట్లాడి పోతోంది. సుమన్ లేచేసరికి ఆమె వెళ్లిపోయేది కాబట్టి అతనికి తెలియలేదు.

మరునాడు పంచాయితీ పెడితే శేషమ్మ నవ్వి ఊరుకుంది. "వినాలనే కదమ్మా తిట్టేది," అంది.

శివపార్వతికి అసలు కావలసింది వేరే ఉంది. ఎన్ని రికార్డింగులు పెట్టుకున్నా భాష బతకదని, ఇద్దరు మాట్లాడుకుంటే బతుకుతుందని ఆమె నమ్మకం. ఇన్నాళ్లూ అవ్వకు బదులు చెప్పే మనిషి లేడు. ఇప్పుడు దొరికాడు. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆ ఇంట్లో కుర్రు తప్ప వేరే భాష మాట్లాడకూడదని ముగ్గురూ ఒప్పందం చేసుకున్నారు. నోరుజారి తెలుగు మాట్లాడినవాళ్లు మూలనున్న చింతపండు కుప్ప దగ్గర కూర్చొని గింజలు తీయాలి. ఆ శిక్ష శేషమ్మ పెట్టింది. కుప్ప కూడా ఆమెదే.

శివపార్వతి అలవాటు కొద్దీ సుమన్‌ను అన్నా అని, అతని తండ్రి నాగులును బాబాయ్ అని పిలవబోతే శేషమ్మ అడ్డుపడింది. "ఆయన నీకు మామ అయితాడు. వీణ్ని అన్నా అనొద్దు."

"మరేమనాలి అవ్వా?"

"నిదానంగా చెప్తాలే."

నాగులు ఇంటి ముందు పందిట్లో వెదురు బద్దలతో గంపలు అల్లుతాడు. మాట తక్కువ మనిషి. కొడుకు చిన్నప్పుడు బడిలో దాహమేసి కుర్రులో నీళ్లడిగాడు. దొంగల భాష అని పిల్లలు నవ్వారు. పలక పగలగొట్టుకొని ఏడుస్తూ వచ్చిన కొడుకును ఎత్తుకొని, ఇకమీదట ఈ ఇంట్లో ఆ మాటలు వద్దని నాగులు ఆ సాయంత్రమే చెప్పేశాడు. సుమన్ వాళ్లమ్మ పాడే జోలపాటలూ ఆ రోజుతోనే ఆగిపోయాయి. తర్వాత కొన్నేళ్లకు ఆమే పోయింది.

ఇప్పుడు నాగులు వద్దనలేదు. ఐదు కాగానే కత్తి, బద్దలు తీసుకొని వీధి చివరికి పోయేవాడు. ఆరు దాటాక వచ్చేవాడు.

దుకాణంలో సుమన్ మాటల పోగు. ఐదు గంటలు కొట్టిందంటే మాత్రం నాలుగేళ్ల పిల్లాడు. అతనికి వచ్చిన కుర్రు అంతా అమ్మ, అవ్వ ఒక పిల్లాడితో అన్న మాటలే. తిను. పడుకో. మెల్లగా. ఏడవకు. చలేస్తోందా? అదిగో కుక్క. మొదటి రోజు శివపార్వతి చీర బాగుందని చెప్పాలనుకుని, ఉన్న మాటలన్నీ వెతికి, "బాగుంది, తిను," అన్నాడు. ఆమె ఎంతో శ్రద్ధగా తయారు చేసుకొచ్చిన కుర్రు వాక్యంతో అతని పని గురించి అడిగింది. అతను చాలాసేపు ఆలోచించి, "అదిగో కుక్క," అని జవాబిచ్చాడు.

నవ్వు ఆపుకోలేక శివపార్వతి తెలుగులో "అయ్యో దేవుడా" అంది. వెంటనే శేషమ్మ చింతపండు కుప్ప వైపు వేలు చూపించింది.

అట్లా ఇద్దరూ రోజూ కుప్ప దగ్గరే తేలేవారు. ఇంట్లో పూట పూటా పులుసే. వీధిలో వాళ్లకు కూడా గింజ తీసిన చింతపండు అందింది. నాగులు పళ్లెంలోకి ఒకసారి చూసి తినేవాడు.

ఒక సాయంత్రం వాన జోరుగా పట్టింది. రేకుల మీద చప్పుడుకు రికార్డింగు కుదరదని శివపార్వతి యంత్రం ఆపేసింది. ఆరు దాటాక కూడా వాన తగ్గలేదు. ఇంత చదువు చదివి ఎవరైనా ఈ పిల్లమాటల కోసం గిద్దలూరు వస్తారా అని సుమన్ ఎగతాళిగా అడిగాడు.

ఆమె బయటి వానను చూస్తూ చెప్పింది. "మాదీ మీ కులమే. మా నాయన టీచర్. ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదు. మా తాత ఫోన్ చేస్తే మాత్రం తలుపేసుకొని ఈ భాషలోనే మాట్లాడేవాడు. అంత నవ్వు నవ్వే మా నాయన్ను నేను తలుపు ఇవతల నుంచే విన్నా. నాకొచ్చిన కుర్రు అంతా చదువుకొని నేర్చుకున్నదే. మీకు కనీసం అదిగో కుక్క అని చెప్పినవాళ్లు ఉన్నారు."

సుమన్ దగ్గర ఎగతాళి మాటలన్నీ అయిపోయాయి. "ఏడవకు," అన్నాడు, కుర్రులో. ఆరు దాటాక అతను ఆ భాష మాట్లాడడం అదే మొదలు.

ఆ వారమే గొడవ వచ్చింది. శివపార్వతి పెరట్లో నిలబడి ఫోన్‌లో ఎవరితోనో, స్పీకర్ టూ డేటా సరిపోతుంది సార్, శుక్రవారం బయల్దేరుతాను అని చెప్పడం సుమన్ చెవిన పడింది. అవ్వ స్పీకర్ వన్, తాను స్పీకర్ టూ అన్నమాట. మరునాడు ఐదయినా అతను దుకాణం వదల్లేదు. ఐదున్నరకు ఆమే వచ్చి కౌంటర్ ముందు నిలబడింది.

"ఏంది, రాలేదు?"

"స్పీకర్ టూకు పనుంది మేడం. డేటా సరిపోయిందంట కదా."

"వినకూడనివి వినడం మీకు బాగా అలవాటు."

"వినపడేట్టు మాట్లాడడం మీకు అలవాటు."

ఆమె కోప్పడలేదు. బల్ల మీది చిన్న మరను వేలితో అటూ ఇటూ దొర్లించింది. "పేరు పెట్టకపోవడం మరిచిపోయి కాదు. అవ్వ చెప్పిన మీ బడి కథ రేపు ఎవరో చదివి నవ్వకూడదని పేరు దాచాను."

సుమన్ తల దించుకున్నాడు. తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. పెద్దవాళ్లు ఇంకా ఇంట్లో మాట్లాడుకుంటున్నారని చూపించగలిగితే, ఇక్కడే పిల్లలకు కుర్రు తరగతి పెట్టడానికి యూనివర్సిటీ వాళ్లు ఒప్పుకుంటారు. అప్పుడు ఆమె రెండేళ్లు గిద్దలూరులోనే ఉంటుంది. చూపించలేకపోతే పని ఇంతటితో ఆగిపోతుంది, రికార్డింగులు అక్కడెక్కడో భద్రంగా పడి ఉంటాయి. చూపించడానికి ఆ సాయంత్రాల రికార్డింగులు ఉన్నాయి గానీ, ఇంటి పెద్ద నాగులు సరేననాలి.

"మామ ఒప్పుకోకపోతే నేను చూపించను సుమన్. మీరు ఒత్తిడి చేయొద్దు కూడా."

ఆమె మొదటిసారి పేరు పెట్టి పిలిచిందని సుమన్‌కు ఇల్లు చేరాక గానీ తట్టలేదు.

ఆ రాత్రి సుమన్ పేరు దాచిన సంగతితో సహా అంతా నాయనకు చెప్పి అడిగాడు. ఒకసారి పగిలిన పలక చాలదా అన్నట్టు నాగులు కొడుకును చూసి, చేయి కడుక్కొని లేచాడు. మరునాడు నీళ్లు పారబోయడానికి పెరటి గోడ అవతలికి వెళ్లిన సుమన్‌కు అక్కడ వెదురు పొట్టు కనిపించింది. వీధి చివర, మొగలో ఎండిపోయిన పాత పొట్టు. దారిలో కొంత. గోడకు ఆనించిన రాయి దగ్గర పచ్చిగా, పెద్ద కుప్ప. రోజుకింత దగ్గరికి జరిగి, చివరికి నాయన గోడ పక్కనే కూర్చొని వినేవాడన్నమాట. సుమన్ ఎవరికీ చెప్పలేదు. ఆ పొట్టును ఊడ్చనూ లేదు.

శుక్రవారం వచ్చింది. నాగులు ఇంకా సరేననలేదు. మార్కాపురం మీదుగా హైదరాబాదు పోయే బస్సు దగ్గరికి సుమన్ బ్యాగు మోసుకొచ్చాడు. వాన వెలిసి, నల్లమల కొండల మీద ఎండ పడుతోంది. ఏం చెప్పాలో అతను దారి పొడుగునా తెలుగులో తయారు చేసుకున్నాడు. మంచి మాటలే. ఒకటి రెండు ఇంగ్లీషు ముక్కలు కూడా కలిపాడు. నోరు తెరిచేసరికి శివపార్వతి చేతి గడియారం అతనికి చూపించింది.

ఐదు దాటింది.

"ఇది బస్టాండు. ఇల్లు కాదు కదా," అని అతను బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్లల్లో అల్లరి ఉంది. దాని వెనక ఇంకేదో కూడా ఉంది.

సుమన్ తనకున్న నాలుగేళ్ల పిల్లాడి మాటలన్నీ వెతికాడు. తిను, పడుకో, మెల్లగా. ఏదీ సరిపోలేదు. డ్రైవరు బస్సు స్టార్ట్ చేశాడు. అప్పుడు, రోజూ సాయంత్రం ఆటకు పరిగెత్తేటప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడి వెనక నుంచి కేకేసే మాట గుర్తొచ్చింది.

"చీకటి పడకముందే ఇంటికి రా," అన్నాడు కుర్రులో.

మెట్టు మీద ఒక కాలు పెట్టిన శివపార్వతి అట్లాగే నిలబడిపోయింది. అది బయటివాళ్లకు చెప్పే మాట కాదు. ఆ సంగతి ఆమెకు చదువు నేర్పలేదు, శేషమ్మ చెప్పింది. దానికి పిల్లలు ఏమని బదులు చెప్తారో కూడా శేషమ్మే నేర్పింది.

"వస్తా. నాకొక ముద్ద తీసిపెట్టు," అంది.

ఆమె వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలబోతుంటే జనంలోంచి నాగులు వచ్చాడు. చేతిలో మూతతో సహా అల్లిన కొత్త బుట్ట. కిటికీలోంచి ఆమె ఒళ్లోకి అందించాడు. పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి.

"తిన్నావా?" అన్నాడు.

కుర్రులో అన్నాడు. ఇరవై ఏళ్లలో సుమన్ ఆ గొంతులో ఆ భాష వినలేదు. శివపార్వతి తిన్నానని తలూపింది.

"మా మాటలు చూపించుకో తల్లీ," అన్నాడు నాగులు, అదే భాషలో. "పేరు దాచొద్దు."

రికార్డర్ బ్యాగులో అడుగున ఎక్కడో ఉంది. ఆ మాటలు ఏ ఫైల్లోకీ ఎక్కలేదు. వినవలసిన ఇద్దరూ విన్నారు.

బస్సు మలుపు తిరిగాక కూడా సుమన్ నాయన ముఖాన్నే చూస్తున్నాడు.

"ఏందిరా అట్ల చూస్తావు? పద ఇంటికి," అన్నాడు నాగులు, తెలుగులో.

"ఐదు దాటింది నాయనా."

నాగులు ఇంటికి పోయి, చొక్కా విప్పి కొక్కానికి తగిలించి, చింతపండు కుప్ప దగ్గర బుద్ధిగా కూర్చున్నాడు. శేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వు తగ్గాక, ఆ పిల్ల ఇంటిపేరు తాను మొదటి రోజే అడిగి తెలుసుకున్నానని, మనం చేసుకోదగ్గ ఇంటిపేరేనని చెప్పింది. అవ్వ తన భాష మీద రీసెర్చికి సాయం చేస్తోందని శివపార్వతి అనుకుంది గానీ, అవ్వ రీసెర్చి అవ్వకు ఉంది.

తరగతికి ఒప్పుకున్నారని కబురు వచ్చాక, వానలు తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం మార్కాపురం బస్సు వచ్చి ఆగింది. సుమన్ దుకాణంలోంచి చూస్తూనే ఉన్నాడు. బుట్ట చంకన పెట్టుకొని దిగిన శివపార్వతి అతని వైపు చూడలేదు. ముందు తలెత్తి ఆకాశం చూసింది. కొండల మీద ఇంకా వెలుగుంది.

"చీకటి పడలేదు కదా?" అని అడిగింది కుర్రులో.

సుమన్ దుకాణం షట్టర్ దించేశాడు. ఇంట్లో ముద్ద తీసిపెట్టి ఉంది.