ఎడమచేతి మెలి

మధ్యాహ్నం రెండు గంటలకి పెద్దమేస్త్రి తన తమ్ముడి షెడ్డు ముందు నిలబడ్డాడు. పదకొండేళ్ళుగా ఆ సందులో అడుగు పెట్టని మనిషి. తమ్ముడు పోయిన రోజున కూడా సందు మొదట్లో నిలబడి, శవాన్ని దూరం నుంచే చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పట్టుదల అంటే అలా ఉండాలి మరి. చచ్చాడు కదా అని మనసు కరిగిపోతే, బతికున్నప్పుడు పట్టిన పంతానికి విలువేముంది?

షెడ్డంటే ఇంటికి ఆనుకుని కట్టిన చిన్న గది. మూడు వైపులా గోడ, ముందు ఇనప షటరు. కిటికీ లేదు. మరదలు తాళం తీసి పక్కకి జరిగింది.

"మూడు నెలల్నుంచి ఈ బండి కదల్లేదు బావగారూ. మంచం పట్టే ముందు రోజు దాకా దాంతోనే కుస్తీ పట్టారు ఆయన. స్టార్టు కాలేదు."

"వాడి వల్ల కాలేదా?"

"కాలేదండీ."

ఆ ముక్క ఆయన చెవికి తేనె చుక్కలా తగిలింది. మళ్ళీ ఒకసారి అనిపించుకోవాలనిపించింది గానీ బాగుండదని ఊరుకున్నాడు.

"అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి వెళ్ళాలి. నాన్న బండి మీదే వెళ్తానని మొండికేసింది. ఎవరినైనా పిలుద్దామంటే, పెదనాన్న ఉండగా ఇంకొకరు దాని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు అంది."

"మొండితనం ఇంటి పేరు కదమ్మా మనకి," అన్నాడాయన. కానీ లోపల పొంగిపోయాడు.

ఒకప్పుడు అన్నదమ్ములిద్దరిదీ బండ్లు బాగుచేసే షాపు, ఒకటే. పెద్దమేస్త్రి, చిన్నమేస్త్రి అనే పిలిచేవాళ్ళు అందరూ. పెద్దాయనకి చదువు అబ్బలేదు. సంతకం పెట్టమంటే చెమటలు పట్టేవి. కానీ చెవి మాత్రం దేవుడిచ్చిన చెవి. బండి సందు తిరుగుతుండగానే జబ్బేమిటో చెప్పేవాడు. తమ్ముడు అలా కాదు. పుస్తకం కొని తెచ్చి, వైర్ల బొమ్మలు ముందేసుకుని, వేలు పెట్టి చదువుకుంటూ పనిచేసేవాడు. పైగా ఎడమచేతి వాటం. రెండు వైర్లు కలపాల్సి వస్తే ఎడమకి మెలి తిప్పేవాడు. "లోకమంతా కుడికి తిప్పితే నువ్వెందుకురా వెధవా ఎడమకి తిప్పుతావు," అని అన్న, "కరెంటుకి కుడి ఎడమలు తెలియవు అన్నయ్యా," అని తమ్ముడు. రోజూ ఇదే రామాయణం.

అప్పుడొచ్చింది ఒక బండి. ట్యాంకు లోపల పెట్రోలు పంపు ఉండే రకం. పంపు తిరగడం లేదు. పెద్దమేస్త్రి చెవి పెట్టి విని, పంపు పోయింది, మార్చాల్సిందే అని తేల్చేశాడు. తమ్ముడు బొమ్మ చూసి, పంపు కాదు, కరెంటు తిరిగి వెళ్ళే ఎర్తు వైరు అన్నాడు. నలుగురు చూస్తుండగా ఫ్రేముకి బిగించిన ఎర్తు బోల్టు విప్పి, గరుకు కాగితంతో తుప్పు గీకి, మళ్ళీ బిగించాడు. బండి ఒక్క నొక్కుకి స్టార్టయింది. ఆ నలుగురిలో ఒకడు నవ్వాడు. ఆ నవ్వుకి పెద్దమేస్త్రి తన పానాలు తువ్వాల్లో మూటగట్టుకుని షాపు దిగాడు. మళ్ళీ ఎక్కలేదు. ఆ రోజు నుంచి ఏ బండి వచ్చినా ఎర్తు వైరు మాత్రం ముట్టుకునేవాడు కాదు. అన్నీ చూసేవాడు, అది తప్ప.

ఇప్పుడు అలాంటి బండే కళ్ళ ముందుంది. తమ్ముడి బండి. ఇరవై ఏళ్ళ నాటిది. తమ్ముడికి లొంగనిది తన చేతికి లొంగితే చాలు. ఆ నవ్వు అక్కడితో చెల్లు.

"షటరు దింపేస్తున్నానమ్మా. నేను పిలిచేదాకా ఎవరూ రావద్దు."

"ఈ ఉక్కలో షటరెందుకండీ?"

"దుమ్ము పడుతుంది," అన్నాడు. అసలు సంగతి అది కాదు. ఒకవేళ తన వల్ల కూడా కాకపోతే... అది చూసే కళ్ళు ఉండకూడదు. షటరు దింపి గడియ వేశాడు.

లోపల ఒక్క బల్బు. పాతబడి పులిసిన పెట్రోలు వాసన, తుప్పు వాసన, ఎప్పటిదో ఎండిపోయిన గ్రీజు వాసన. మూసిన గదిలో ఆ వాసనలన్నీ ఒకదాన్నొకటి కౌగిలించుకుని కూర్చున్నాయి. బయట పిల్లల కేకలు షటరు పడగానే తెగిపోయాయి. తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

తాళం పెట్టి తిప్పాడు. మీటరులో ఎర్రదీపం వెలిగింది. ఇలాంటి బండికి తాళం తిప్పగానే ట్యాంకు లోపల పంపు రెండు క్షణాలపాటు జుయ్ మని తిరిగి ఆగాలి. అదే దాని నాడి. ఆ చప్పుడు లేకపోతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బటన్ నొక్కినా ఇంజను దగ్గుతుందే తప్ప లేవదు.

చప్పుడు లేదు.

తాళం తీసి జేబులో వేసుకున్నాడు. వైర్ల పని చేసేటప్పుడు తాళం బండికి ఉంచకూడదు, అది ఆయన నియమం. సీటు విప్పాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. పంపుకి కరెంటు వదిలే రిలే పీకి ఊపి చూశాడు, బాగుంది. ట్యాంకు కిందికి వెళ్ళే వైర్ల మీద నల్లటేపు చుట్టి ఉంది. విప్పాడు. లోపల వైర్లు కలిపిన చోట ఎడమకి మెలి.

"చచ్చినా బుద్ధి రాలేదు," అని పళ్ళు నూరాడు. ఆ మెలికి వంకేం లేదు. గట్టిగా, శుభ్రంగా ఉంది. అయినా కత్తిరించి, తిరిగి కుడికి మెలి తిప్పి, తన టేపు చుట్టాడు. అలాంటివి మూడు చోట్ల కనిపించాయి. మూడూ కత్తిరించి మూడూ కుడికి తిప్పాడు. ఒక్కొక్కటి తిప్పుతుంటే పదకొండేళ్ళ కసి ఒక్కొక్క పొర దిగినట్టు హాయిగా ఉంది.

తాళం పెట్టి తిప్పాడు. చప్పుడు లేదు.

తను సొంతంగా చేసుకున్న బల్బు ఉంది, రెండు వైర్లు అతికించింది. ఒక వైరు పంపు ప్లగ్గుకి, రెండోది బ్యాటరీకి ఆనించి చూశాడు. వెలిగింది. అంటే కరెంటు పంపు దాకా వస్తోంది, పంపు తిరగడం లేదు. ఇక్కడిదాకా వచ్చాక ఏ మెకానిక్కు చెయ్యి అయినా ఎర్తు బోల్టు మీదికి పోవాలి.

"పంపు పోయింది," అన్నాడు పెద్దమేస్త్రి పైకే.

తాళం తీసేసి, ఎందుకైనా మంచిదని తను కట్టిన మొదటి అతుకు విప్పి చూశాడు. టేపు తనదే. చివర చింపిన తీరు తనదే. లోపల మెలి ఎడమకి ఉంది.

రెండోది విప్పాడు. ఎడమకి.

మూడోది విప్పబోయి ఆగాడు. వయసు మీద పడింది, చేతులు తడబడ్డాయి, అంతే అని సర్దిచెప్పుకున్నాడు. మూడూ విప్పి, చిన్నపిల్లాడికి నేర్పినట్టు "కుడికి... కుడికి..." అని పైకి అంటూ తిప్పాడు. కళ్ళారా చూసి టేపు చుట్టాడు. చెమట కళ్ళల్లోకి కారుతోంది. గదిలో గాలి గోడల్లోకి ఇంకిపోయినట్టుంది.

చివరిసారిగా తన విద్య ప్రయోగించాడు. తాళం తిప్పి, పొడుగు స్క్రూడ్రైవరు మొన ట్యాంకు మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపట్టాడు. పంపులో ప్రాణం ఏ మూల ఉన్నా ఆ ఎముకకి తెలుస్తుంది. కళ్ళు మూసుకున్నాడు.

మొదట ఏమీ లేదు.

తర్వాత ఏదో మెల్లగా... లోపలికి, బయటికి. లోపలికి, బయటికి. పంపు అలా చప్పుడు చెయ్యదు. ఊపిరితిత్తులు చేస్తాయి.

ఆ ఊపిరి ఆగింది. స్క్రూడ్రైవరు ఇనుములోంచి, ఎముకలోంచి, తలలోకి నేరుగా ఒక గుసగుస.

"అన్నయ్యా... ఎర్తు చూశావా?"

స్క్రూడ్రైవరు చేతిలోంచి జారి నేల మీద పడింది. అదే క్షణంలో బల్బు ఆరిపోయింది. ఆయన తడుముకుంటూ తాళం లాగి జేబులో కుక్కుకున్నాడు. చీకటి. పట్టపగలు, బయట ఎండ మండిపోతోంది, లోపల మాత్రం బావి అడుగు.

జుయ్...

పంపు. రెండు క్షణాలు తిరిగి ఆగింది.

మళ్ళీ జుయ్... ఆగింది.

స్టార్టరు ఒకసారి మూలిగింది. ఇంజను అందుకుంది. హెడ్‌లైటు వెలిగి ఎదుటి గోడ తెల్లగా పాలిపోయింది.

నిజం చెప్పాలంటే పెద్దమేస్త్రికి ముందు కలిగింది భయం కాదు, సంతోషం. బండి లేచింది. తమ్ముడికి లొంగనిది తన చేతిలో లేచింది. ఆ సంతోషం మూడు క్షణాలు ఉంది. తర్వాత ఆయన చెయ్యి దానంతట అదే జేబు మీదికి పోయింది. తాళం జేబులోనే ఉంది.

హ్యాండిలు మీద ఇంజను ఆపే ఎర్ర స్విచ్చు నొక్కాడు. ఇంజను ఆగలేదు. రిలే పీకేశాడు. ఆగలేదు. పదో నంబరు పానా తీసుకుని బ్యాటరీ వైర్లు రెండూ విప్పేశాడు. హెడ్‌లైటు కొంచెం కూడా మసకబారలేదు. చివరికి పంపు ప్లగ్గు పట్టుకుని లాగేశాడు. పెట్రోలు అందకపోతే ఏ ఇంజనైనా రెండు దగ్గులు దగ్గి చావాల్సిందే. పంపు చప్పుడు ఇంకా పెరిగింది.

పొగ మోకాళ్ళ దాకా వచ్చింది. మూసిన గదిలో ఆ పొగ ఎంతసేపట్లో మనిషిని తింటుందో ఆయనకి బాగా తెలుసు. ఈ పని నేర్చుకున్నవాడికి అన్నింటికంటే ముందు చెప్పేది అదే. షటరు దగ్గరికి ఉరికి గడియ లాగాడు. రాలేదు. పానాతో కొట్టాడు. తాళం కప్పకి తుప్పు పట్టినట్టు బిగుసుకుపోయింది. పిడికిళ్ళతో షటరు బాదాడు.

"అమ్మా... షటరు ఎత్తు... అమ్మా..."

బయట నుంచి, రేకుకి పెదాలు ఆనించినంత దగ్గర్నుంచి, ఒక గొంతు నెమ్మదిగా పలికింది. మరదలి గొంతు కాదు.

"పిలిచేదాకా ఎవరూ రావద్దన్నావుగా."

మోకాళ్ళ మీద కూలబడ్డాడు. షటరు అంచుకీ నేలకీ మధ్య వేలెడు సందు ఉంది. దాని దగ్గర నోరు పెట్టి గాలి పీల్చాడు. సందులోంచి ఎండ కనిపించాలి. నలుపు కనిపించింది.

"ఒక్క మాట అన్నయ్యా. ఆ రోజు పోయింది ఎర్తేనని... ఒక్కసారి అను. తెరుస్తా."

ఒక్క మాట. రెండక్షరాలు. ఆ నలుగురూ ఎక్కడున్నారో, బతికున్నారో లేదో తెలియదు. ఇక్కడ వినేవాడు కూడా లేడు. అనేస్తే పోయేదేముంది? నాలుక కదిలింది. గొంతు దాకా వచ్చింది.

"పంపే," అన్నాడు పెద్దమేస్త్రి దగ్గుతూ. "ఆ రోజు పోయింది పంపే."

ఇంజను ఒక్కసారి పెద్దగా అరిచింది. కళ్ళ ముందు తెల్లగోడ కదిలినట్టయింది. చివరగా ఆయనకి గుర్తున్నది, ముఖానికి చల్లగాలి కొట్టడం. మూసిన గదిలో గాలెక్కడిదా అనుకుంటూనే తల వాల్చేశాడు.

షటరు లేచిన చప్పుడుకి కళ్ళు తెరిచాడు. పొద్దు వాలుతోంది. మరదలు, ఆమె వెనక తమ్ముడి కూతురు.

"ఎండదెబ్బ తగిలిందేమో. పైగా ఈ వయసులో అంత దూరం," అంటూ మరదలు నీళ్ళ చెంబు అందించింది.

"గడియ ఎలా తీశావమ్మా?"

"గడియ ఎక్కడ వేశారు? ఎత్తితే లేచింది."

"దూరం... ఏం దూరం?"

"బండి బాగైనట్టుంది, చూసుకుని వస్తున్నారులే అనుకున్నానండీ. చప్పుడు సందు చివరిదాకా వెళ్ళింది. గంటన్నరకి తిరిగొచ్చింది. పిలిస్తేనే రమ్మన్నారు కదా అని ఇంతసేపూ ఆగాను."

పెద్దమేస్త్రి బండి వంక చూశాడు. స్టాండు మీద నిలబడి ఉంది, చప్పుడు లేకుండా. బ్యాటరీ వైర్లు విప్పినవి విప్పినట్టే వేలాడుతున్నాయి. వెనక కూర్చునేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే కమ్ములు రెండూ కిందికి దింపి ఉన్నాయి.

అమ్మాయి ఆయన ముందుకొచ్చి కూర్చుంది. కళ్ళు మెరుస్తున్నాయి.

"బాగైందా పెదనాన్నా? సోమవారం వేసుకెళ్ళొచ్చా?"

ఈ బండి ముట్టుకోకు అని చెప్పాలి. చెప్పాలంటే, నా వల్ల కాలేదు అనాలి. మరదలు చూస్తోంది. సందులో ఎవరో ఇద్దరు నిలబడి ఇటే చూస్తున్నారు.

"నా చెయ్యి పడ్డాక బాగవకుండా ఉంటుందా," అంది ఆయన నోరు.

అమ్మాయి నవ్వి ఆయన జేబులోంచి తాళం తీసుకుంది. రెక్క పట్టుకుని లేపింది. లేచి నాలుగడుగులు వేశాడో లేదో, వెనక నుంచి మరదలి గొంతు.

"అయ్యో, ఆగండి బావగారూ. వీపంతా ఇదేమిటి?"

చొక్కా విప్పి వెలుగులోకి పట్టుకుని చూశాడు. నడుము దగ్గర మొదలై కాలరు దాకా, వెన్నెముక పొడవునా, చిమ్మినట్టు బురద మరకలు. నలభై ఏళ్ళుగా బండ్లు చూస్తున్నవాడికి ఆ గీత ఎవరి వీపు మీద పడుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. నడిపేవాడి వీపు మీద పడదు. నడిపేవాణ్ణి పట్టుకుని వెనక కూర్చున్నవాడి మీద పడుతుంది.

వేలితో తాకి చూశాడు. ఆ చుట్టుపక్కల వాన పడి రెండు నెలలు దాటింది. బురద ఇంకా తడిగా ఉంది.