గేటు దగ్గర నిలబడ్డ మనిషి

కోటిబాబుకు బెయిలు రాలేదు. కోర్టు మెట్ల మీద లాయరు అబిదా అతని భార్య నాగవేణికి కారణం చెప్పింది.

"మీ మరిది రామాంజి, దెబ్బ తగిలిన సాంబయ్య ఇంటికెళ్ళి బెదిరించాడట. మీ ఆయన బయటికొస్తే సాక్షుల్ని బతకనివ్వడని ప్రభుత్వ లాయరు వాదించాడు. హైకోర్టుకెళ్దాం."

టిప్పరు లారీ పోయే దారి తగాదాలో సాంబయ్యను తోసింది కోటిబాబే. రాయి మీద పడి తల పగిలింది. కాదని నాగవేణి ఏనాడూ అనలేదు. కానీ కేసు తేలకముందే మనిషి జైల్లో మగ్గాలా?

గురజాల బస్సు దిగి ఇంటికొచ్చేసరికి రామాంజి తన అన్న టిప్పరు కడుగుతున్నాడు. సీటు తన కాళ్ళకు సరిపోయేలా వెనక్కి జరుపుకున్నాడు. అదీ ఆమె కంట పడింది.

"సాంబయ్య ఇంటికి పోయావా?"

"పోయా వదినా."

"ఎందుకు?"

అతను బకెట్టెత్తి చక్రం మీద నీళ్ళు గుమ్మరించాడు.

"మీ అన్న లోపలుంటేనే నీకు బాగుందిలే. బండి కుదిరింది, సీటు కుదిరింది. ఇల్లు గూడా రాయించుకో."

ఆ తరువాత ఆమె వంటింట్లోకి వస్తే చాలు, అత్త సుబ్బరత్నం, రామాంజి మాటలాపేసేవారు. తల్లీకొడుకులు ఒకటై తన భర్తను ముంచారా... అన్నం వడ్డిస్తున్నా ఆమెకదే ఆలోచన.

హైకోర్టు కాగితాల కోసం అబిదా దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు.

"సాంబయ్య ఇంట్లో ఆ రోజు జరిగింది ఎవరో ఒకరు ప్రమాణం చేసి చెప్పాలి," అందామె.

"నేనే పోయా. రాసుకోండి," అన్నాడు రామాంజి.

"బెదిరించావా?"

గోడవారగా కూర్చున్న సుబ్బరత్నం లేచింది.

"వాడు గేటు కాడే నిలబడ్డాడమ్మా. లోపలికి పోయింది నేను. దెబ్బ తగిలినోణ్ణి పలకరించకుండా ఎట్టా ఉంటాం? అందులో మావాడి చేత్తోనే తగిలిందాయె. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుపోయా. చెయ్యి పట్టుకుని, తమ్ముడా, కేసు సంగతి కాస్త చూడరా అన్నా."

అబిదా కలం ఆగింది. "ఆ మాటనూ, గేటు దగ్గర ఇతను నిలబడటాన్నీ కలిపి బెదిరింపన్నారు. ఇది రాస్తే మీ మీదా కేసు పెట్టొచ్చు."

"అందుకే చెప్పొద్దన్నాడు వీడు. తిట్లన్నీ వీడే తిన్నాడు... రాయమ్మా. ఏలిముద్ర ఏస్తా."

నాగవేణి మరిది వైపు చూడలేకపోయింది. "తప్పైపోయింది రామాంజీ," అంది నేలచూపులతో. "ఆ సీటు అట్టాగే ఉండనీ."

బెయిలు వచ్చింది, షరతులతో. కోటిబాబు ఊళ్ళో అడుగుపెట్టకూడదు. అతని ఇంటివాళ్ళెవరు సాంబయ్య ఇంటివాళ్ళతో మాట్లాడినా బెయిలు రద్దే. కోటిబాబు వెల్దుర్తిలో చెల్లెలింట్లో దిగాడు.

అతనికి బట్టలిచ్చి వస్తూ అత్తాకోడళ్ళు సాంబయ్య గేటు ముందు నుంచి నడిచారు. తలకు కట్టుతో సాంబయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందక్కా, పలకరించకుండా పోతన్నావే?"

సుబ్బరత్నం అడుగు ఆగింది. అది ఆప్యాయతో, మరో ఉచ్చో నాగవేణికి తెలియలేదు. అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ తలవంచుకుని నడిచిపోయారు. మలుపు తిరిగేదాకా అత్త కన్నీళ్ళు ఆమె చేతి మీద పడుతూనే ఉన్నాయి...