శంఖిని ఒడ్డున పిలిచిన పేరు

కిరండూల్ ఇనుపగని క్వార్టర్లలో సాయంత్రాలన్నీ ఒకేలా ఉండేవి. కొండ మీద సైరన్ మోగేది. షిఫ్టు దిగినవాళ్లు చెవుల్లో కూడా ఎర్రదుమ్ముతో ఇళ్లకు చేరేవాళ్లు. వంటిళ్లలో పోపులు చిటపటలాడేవి. ఫిట్టర్ ఈశ్వరరావు ఇంట్లో మాత్రం ఏడాదిగా పోపు వాసన లేదు. డెబ్భై ఒకటి యుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయిన కొడుకు శ్రీరంగం, ఆ ఇంటి రుచిని కూడా తనతో పట్టుకుపోయాడు.

ఓడ మునిగిందని టెలిగ్రాం వచ్చింది. మనిషి రాలేదు, శవమూ రాలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దామని పురోహితుడు చెబితే, ఈశ్వరరావు భార్య వరలక్ష్మి ఆయన్ని గుమ్మంలోంచే పంపేసింది. గడ్డిని కాల్చి కొడుకు అనుకోమంటే ఏ తల్లి అనుకుంటుంది? ఈశ్వరరావుకూ ఆ బొమ్మ మీద నమ్మకం లేదు గానీ, ఏదో ఒక రకంగా ఇది ముగిస్తే బాగుండునని ఉండేది. ఆ మాట పైకి అనే ధైర్యం లేదు, పాపం.

రంగం బతికుండగా సెలవులకు ఒంటరిగా వచ్చిన పాపాన పోలేదు. వైజాగులో రైలెక్కితే తోటి నావికులు ఇద్దరో ముగ్గురో వెంట ఉండాల్సిందే. వరలక్ష్మి పైకి సణిగేది గానీ లోపల పండగే. వాడు తిరిగి వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, మళ్లీ వచ్చేటప్పుడు నీతో ఉన్నవాళ్లను కూడా తీసుకురా నాయినా అని చెప్పకుండా ఎప్పుడూ పంపలేదు.

ఆమె గోడు విని దారి చెప్పింది సోమ్లీ. కట్టెల మోపులమ్మడానికి కొండ దిగి వచ్చే మాడియా తెగ మనిషి, క్వార్టర్ల తెలుగు బాగానే పట్టుబడింది. పరాయి చోట పోయినవాళ్లను ఇంటికి తెచ్చుకునే పద్ధతి వాళ్లలో ఉందట. నీళ్ల దగ్గరికి వెళ్లి పేరు పెట్టి పిలుస్తారు. చేతికి మొదట తగిలిన ప్రాణిని, చేపైనా పురుగైనా సరే, కుండలో పెట్టి ఇంటికి తెస్తారు. పోయినవాడి జీవం దాంట్లో ఉంటుందని నమ్మకం. సముద్రంలో పోయినవాడు కొండవాగులోకి ఎలా వస్తాడని ఈశ్వరరావు అడిగాడు. మన శంఖిని వాగు ఇంద్రావతిలో కలుస్తుంది, అది గోదారిలో, గోదారి సముద్రంలో, నీళ్లన్నీ ఒకటేనంది సోమ్లీ.

"పేరొక్కటే పిలవాల అక్కా," అంది మళ్లీ మళ్లీ. "ఇంకో మాట అనొద్దు."

ఆ ఆదివారం పొద్దు వాలుతుండగా ముగ్గురూ వెళ్లారు. కొండ మీద ఇనుపరాయి తవ్వడం మొదలయ్యాక శంఖిని ఎర్రగానే పారుతోంది. ఒడ్డంతా తుప్పు వాసన. వరలక్ష్మి మోకాళ్ల లోతు దిగి, దోసిలి నీళ్లలో పెట్టి, రంగా అని పిలిచింది. ఏమీ రాలేదు. మళ్లీ పిలిచింది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపులో నోటికి అలవాటైన మాట దానంతటదే జారిపోయింది.

"రా నాయినా... నీతో ఉన్నవాళ్లను కూడా తీసుకురా."

సోమ్లీ గబుక్కున వచ్చి ఆమె నోరు మూసింది. అప్పటికే ఆలస్యమైంది. వాగు చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. వేలెడంత చేపపిల్ల ఒకటి దోసిట్లోకి వచ్చి కదలకుండా ఉండిపోయింది. వరలక్ష్మి దాన్ని వెంట తెచ్చిన కుండలోకి జారవిడిచింది. సోమ్లీ కుండ వైపు చూడనైనా చూడలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా కొండదారి పట్టింది.

ఇంటికి రాగానే వరలక్ష్మి కుండను వంటింటి మూల పెట్టి పొయ్యి వెలిగించింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో పోపు వాసన లేచింది. ఈశ్వరరావుకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కంచం పెట్టి, అన్నం వడ్డించబోతుండగా కరెంటు పోయింది.

వరండాలో అడుగుల చప్పుడు... తడి కాళ్లవి. ఆ వెనకే ఇంకొకరివి. ఆ వెనక ఇంకా...

వరలక్ష్మి దీపం వెలిగించింది. మనుషులెవరూ కనబడలేదు. గచ్చు మీద ఎర్రటి తడి పాదాల గుర్తులు మాత్రం ఒకదాని పక్కన ఒకటి పడుతున్నాయి. గది నిండా ఉప్పు వాసన, ఇంజను నూనె వాసన. గోడ పొడుగునా ఎవరెవరో కూర్చుంటున్నట్టు బట్టల్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు. ఈశ్వరరావు లేవబోయాడు. పక్కనే ఎవరో కూర్చున్న చప్పుడు విని మళ్లీ కూలబడ్డాడు.

"మీలో మావాడెవరు?" వరలక్ష్మి గుసగుసగా అడిగింది.

"వాడు రాలేదమ్మా," అంది ఒక లేత గొంతు. ఎప్పుడో ఈ ఇంట్లో అన్నం తిన్న గొంతే. "కింద ఓడలో తలుపు పట్టుకుని ఉన్నాడు. వాడు పట్టుకున్నాడు కాబట్టే మేం బయటికి రాగలిగాం."

"ఎంతసేపు పట్టుకుంటాడు?"

"ఇంకొకరు వచ్చి పట్టుకునేదాకా."

ఈశ్వరరావు భార్య వైపు తిరిగాడు. వద్దు అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు. నోరు పెగల్లేదు. వరలక్ష్మి చేతులు కొంగుకు తుడుచుకుంది. పొయ్యి మీద పాలు కాస్త చూస్తూ ఉండమని పక్కింటావిడ అడిగితే ఒప్పుకున్నంత తేలిగ్గా, "నేను పట్టుకుంటాలే," అంది.

తెల్లారేసరికి వచ్చినవాళ్ల అలికిడి లేదు. వరలక్ష్మి లేవలేదు. ఊపిరి ఆడుతోంది, కళ్లు తెరవడం లేదు. రెండు పిడికిళ్లూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఆసుపత్రి డాక్టరు వచ్చి చూసి, వేళ్లు విప్పబోయి, చేతకాక జగదల్‌పూర్ తీసుకెళ్లమన్నాడు. జీపు మర్నాటికి గానీ దొరకదు. సోమ్లీ వచ్చి గుమ్మం బయటే నిలబడి ఆ చేతులు చూసి ఏడ్చింది.

"ఆ పిడికిలి ఇప్పొద్దు అన్నా. ఇక్కడ ఇప్పితే అక్కడ ఇడిసిపోతది."

పొద్దుగూకింది. ఈశ్వరరావు కిటికీలన్నీ మూసి, తలుపు గడియ పెట్టి, మంచం పక్కన కూర్చున్నాడు. భార్య చేతులను తాకడానికి కూడా భయం. తాకకుండా ఉండడమూ అతని వల్ల కావడం లేదు.

తలుపు మీద మెల్లగా చప్పుడైంది.

"నాన్నా..."

రంగం గొంతే. చలికి వణుకుతోంది. ఈశ్వరరావు లేచి, గడియ మీద చెయ్యి వేసి ఆగాడు. అయినా కొడుకు గొంతు విని తలుపు తియ్యకుండా ఏ తండ్రి ఉండగలడు? తీశాడు. బయట ఎవరూ లేరు. చల్లటిదేదో అతని భుజాన్ని రాసుకుంటూ లోపలికి పోయింది. ఎర్రటి పాదాలు వంటింట్లోకి నడిచాయి. నిన్నటి అన్నం గిన్నె మూత తీసి, కంచం లాక్కున్న చప్పుడు. ఆపైన, ఎన్నాళ్లుగానో అన్నం మొహం చూడనివాడు ఆబగా తింటున్న చప్పుడు.

ఈశ్వరరావు తలుపు మూసి, గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సంతోషమో భయమో అతనికే తెలియలేదు. కొడుకు ఇంటికొచ్చాడు. అన్నం తింటున్నాడు. ఇంతకాలం కోరుకున్నది ఇదేగా.

తింటున్న చప్పుడు ఆగింది.

"నాన్నా... అమ్మేదీ?"

వాడికి తెలియదు... తన చేతుల్లోంచి ఆ తలుపు ఎవరు అందుకున్నారో వాడికి తెలియదు. ఈశ్వరరావు మంచం వైపు తిరిగాడు.

కిటికీలు మూసే ఉన్నాయి. గదిలో ఎక్కడా గాలి లేదు. వరలక్ష్మి జుట్టు మాత్రం తలగడ మీంచి పైకి లేచి, నీటి అడుగున నాచులా, నెమ్మదిగా, అటూ ఇటూ ఊగుతోంది.