వంకాయ ఆవు

ఆ మధ్యాహ్నం అగరొత్తులు అయిపోయాయని నేను అంగడికి వెళ్ళాను. అప్పటిదాకా అంతా సవ్యంగానే ఉంది. పోయిన పెద్దలు ఇంటికి వచ్చే ఓబోన్ పండగలో ఆఖరి రోజు. అత్తగారు పోయాక వచ్చిన మొదటి ఓబోన్ కావడంతో, పెద్దకోడలిగా ఏ లోటూ రాకూడదని పండగ మొదలైన దగ్గర్నుంచి ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. అత్తలేని కోడలు ఉత్తమురాలన్నట్టు, ఆవిడ పోయాకే ఊళ్ళో నాకు కాస్త మంచిపేరు వచ్చింది. ఆ పేరు నిలబెట్టుకోవాలన్నదే నా తాపత్రయమంతా.

వేసవంతా మా ఇంట్లో తమ్తా అనే జార్జియా దేశపు పిల్ల ఉంది. మా ఊరి కాలేజీలో జపనీస్ నేర్చుకోవడానికి వచ్చింది. మర్నాడు ఉదయం రైలుకి వెళ్ళిపోతుంది. బంగారం లాంటి పిల్ల. ఒక్క పనైనా చెయ్యనివ్వకపోతే ముఖం చిన్నబుచ్చుకుంటుంది.

నేను తిరిగి వచ్చేసరికి ఇల్లంతా వెల్లుల్లి వాసన.

"అమ్మా, మీరు కూర్చోండి. ఇవాళ వంట నాది," అంది తమ్తా. "మా దేశంలో వంకాయంటే పడి చస్తారు. ఆక్రోటు గింజలు నూరి కూరాను. తిని చెప్పండి."

మా ఆయన తకెహిసా అప్పటికే లొట్టలేస్తున్నారు. "చూశావా? పెళ్ళైనప్పట్నుంచీ నువ్వు వంకాయని ఉడకబెట్టి చంపుతున్నావు. వంటంటే ఇదీ!"

"పాపం, ఇన్నాళ్ళూ ఎలా బతికారో! తినండి, తినండి," అన్నాను నవ్వుతూ.

అప్పుడు చూశాను, గిన్నెలు కడిగే తొట్టి పక్కన. నాలుగు పుల్లలు. శుభ్రంగా కడిగి, గుడ్డ మీద వరసగా ఆరబెట్టి ఉన్నాయి. నేనే చాప్‌స్టిక్‌లు విరిచి వంకాయకి కాళ్ళుగా గుచ్చిన పుల్లలవి.

పూజగదిలోకి తొంగిచూశాను. పీఠం మీద కీరదోసకాయ గుర్రం ఒంటరిగా నిలబడి ఉంది. అత్తగారే కాదు, ఈ ఇంట్లో పోయిన పెద్దలందరూ ఆ గుర్రమెక్కి గబగబా ఇంటికి వస్తారు. ఆఖరి రోజు సాయంత్రం వంకాయ ఆవునెక్కి తాపీగా తమ లోకానికి వెళ్ళిపోతారు. ఆ ఆవిప్పుడు మా ఆయన నోట్లో ఉంది.

"ఫ్రిజ్‌లోవి చాల్లేదమ్మా," అంది తమ్తా నా ముఖం చూసి. "అక్కడొకటి వాడిపోతుంటే తెచ్చేశాను. తప్పా?"

"ఛ, తప్పేముంది," అన్నాను. అతిథిని చిన్నబుచ్చకూడదుగా.

నా పళ్ళెంలో ముక్క వేసింది. దానికి పుల్ల గుచ్చిన కంత ఇంకా ఉంది. కక్కలేక మింగలేక అంటారే, అలా అయింది నా పని. మింగాను. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

పక్కింటి మొరిషిగే గారి పెరట్లో వంకాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. కంచె దాకా వెళ్ళాను. కానీ ఆ రోజు, ఆ వేళప్పుడు ఒక్క వంకాయ ఇమ్మని అడిగితే ఎందుకో ఎవరికి తెలియదు? తెల్లారేసరికి వీధి వీధంతా నవ్వుకుంటుంది. ఉత్తచేతులతో వెనక్కి వచ్చేశాను.

పొద్దు వాలాక గుమ్మం ముందు మట్టి మూకుట్లో పోయినవాళ్ళని సాగనంపే మంట వెలిగించాం.

"ఆవేదీ?" అన్నారు మా ఆయన.

"ముందే ఏటి దగ్గర వదిలి వచ్చాను."

"ఒక్కదానివే వెళ్ళావా? నన్ను లేపొద్దూ?"

"గురకపెట్టి నిద్రపోతుంటే ఎలా లేపను?"

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! తల దించుకుని చేతులు జోడించాను. పొగ పైకి లేవలేదు. నేలకి ఆనుకుని మెల్లగా పాకింది... వీధి వైపు కాదు. గుమ్మం దాటి, ఇంట్లోకి.

"గాలి మళ్ళింది," అన్నారు మా ఆయన దగ్గుతూ.

చెట్టు మీద ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

లోపలికి వెళ్ళేసరికి వాసన తగిలింది. వెల్లుల్లి కాదు. అత్తగారు మోకాళ్ళకి అంటించుకునే నొప్పి పట్టీల వాసన. కర్పూరం లాంటిది, ముక్కు లోపల చల్లగా కోసేది. పూజగదిలో చాప కిర్రుమంది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది... ఎవరో లేవలేక లేస్తున్నట్టు.

నడవాలో దీపం వెయ్యబోయి ఆగాను. తమ్తా మేడ మెట్లు ఎక్కుతోంది. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక్కొక్క మెట్టే. ముసలమ్మలా నడుం వంచి.

"తమ్తా..." అన్నాను గుసగుసగా.

"ఊఁ, అమ్మా?"

"ఏమైంది?"

"వీపు లాగేస్తోంది. పెట్టె సర్దాను కదా, అందుకేమో."

ఆమె నడుముకి రెండు పక్కలా ఏవో తెల్లగా వేలాడుతున్నాయి. మెట్టెక్కినప్పుడల్లా ఊగుతున్నాయి. తెల్ల మేజోళ్ళు. అత్తగారిని శవపేటికలో పడుకోబెట్టే ముందు నేను తొడిగినవి... వాటిలో పాదాలున్నాయి.

అరవాలి. చెప్పాలి. నోరు తెరిచాను.

"పడుకో అమ్మా. పొద్దున్నే రైలుంది," అన్నాను.

రేపు ఈ పిల్లతోపాటు అదీ పోతుంది, మా ఇల్లు దాటితే చాలు అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. పరాయి పిల్ల, నన్ను అమ్మా అని పిలిచే పిల్ల. నా మీద నాకే రోత పుట్టింది. అయినా దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను.

ఉదయం స్టేషన్‌కి ముగ్గురం వెళ్ళాం. తమ్తా వంగిపోయి నడుస్తోంది. పెట్టె మా ఆయన మోస్తున్నారు. నేను ఆమె వెనక నడవలేదు. ఆ వీపు చూసే ధైర్యం లేక ముందు నడిచాను.

రైలు వచ్చింది. తమ్తా ఏడుస్తూ ఒక్కసారిగా నన్ను వాటేసుకుంది. మాకా అలవాటు లేదు. కొయ్యలా నిలబడిపోయాను. ఆమె చేతులు నా మెడ చుట్టూ వెచ్చగా ఉన్నాయి. తర్వాత... చల్లగా ఇంకేవో చేతులు.

"అబ్బ! నొప్పి పోయిందమ్మా!" తమ్తా నిటారుగా నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మీ చేతి చలవ!"

రైలు కదిలింది. అతిథి కనుమరుగయ్యేదాకా వంగి నమస్కరించడం మా మర్యాద. వంగాను. అనుకున్నదానికంటే కిందికి వంగాను. లేవబోయాను...

"చాల్లే, రైలు ఎప్పుడో పోయింది. లే," అన్నారు మా ఆయన.

"లేస్తున్నాను..."

లేపుదామని నా వీపు మీద చెయ్యి వేశారు. వెంటనే లాక్కున్నారు. ఆ చేతిని ప్యాంటుకి తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. నా ముఖం వైపు చూడలేదు.

ఏం తగిలిందని నేను అడగలేదు. అడిగితే వంకాయ సంగతి చెప్పాలి.

ఆఖరి రోజుల్లో అత్తగారిని నేనే ఎత్తుకుని స్నానం చేయించేదాన్ని. పిట్టంత మనిషి. ఆవిడ బరువెంతో నా చేతులకి బాగా తెలుసు.

ఇది ఒక్కరి బరువు కాదు...