నవ్వొద్దన్న కవర్ ఫొటో

శోభకు అన్నిటికన్న పెద్ద భయం, మొగడు సంపత్ బొగ్గుబాయిలకు దిగి మళ్ల పైకి రాకపోవుడు. అది పెండ్లికి ముందు నుంచే ఉన్న భయం. బొగ్గుబాయిల పనిచేసే పిల్లగాన్ని చచ్చినా చేసుకోనని ఇంట్ల మొండికేసిన పిల్ల ఆమె.

అసొంటి పిల్లనే బాయి కార్మికుని పెండ్లాం అని రాష్ట్రమంత చూసింది!

శోభ ఇంటర్ చదివేటప్పటి ముచ్చట. పత్రిక కవర్ మీదికి కార్మికుల జంట కావాలని పట్నం నుంచి ఒక ఫొటోగ్రాఫర్ బొగ్గుబాయి కార్మికులుండే సెంటినరీ కాలనీకి వచ్చిండు. కొత్తగ కొలువుల చేరిన సంపత్ డ్యూటీ దిగి, తల దువ్వుకొని వస్తుంటె ఆపిండు. బాయిల పనిచేసే నాయిన సదయ్యకు టిఫిన్ ఇచ్చి మళ్లిన శోభను తెచ్చి పక్కన నిలబెట్టిండు.

"ముఖం ఇంత శుభ్రంగా ఉంటే గని కార్మికుడివని ఎవరు నమ్ముతారు? కాస్త మసి పూసుకో బాబూ."

"మేం బాయికాడనే తానం జేసి ఇంటికి పోతం సార్. మా అవ్వ గూడ నన్నెన్నడు మసితోని చూడలే," అన్నడు సంపత్.

ఆయన వింటేగా! తనే బొగ్గుపొడి పూసి, పట్టపగలు టోపీ లైటు వెలిగించిండు. శోభ చున్నీ తలమీదికి లాగించి, "దిగులుగా చూడమ్మా" అన్నడు.

శోభకు నవ్వు ఆగలే.

"నవ్వొద్దు! కొనేవాళ్లకు జాలి పుట్టాలి!"

"జాలి పట్నపోళ్లకు, మసి నాకు. మరి నీకేమొచ్చింది పిల్లా?" మెల్లగ గొణిగిండు సంపత్.

"నీ అసొంటి మొగడు!"

అనేసి నాలిక కరుసుకున్నది. సిగ్గుతోని తల వంచుకున్నది. కెమెరా క్లిక్కుమన్నది అప్పుడే.

కవరొచ్చింది. కింద పెద్దక్షరాలతోని 'మసిబారిన బతుకులు'. శోభ సిగ్గును లోకమంత దుఃఖమనుకున్నది.

"మీ ఆయన మొఖం కడిగినవా శోభా?" పక్క క్వార్టర్ జమునక్క రోజూ అదే పాట.

ఈ ఎకసెక్కాలకు సదయ్య కోపం మీదున్న ఒక సాయంత్రం, వానల తడుసుకుంట సంపత్ వచ్చిండు. తెల్లంగి, మొఖం నిండ పౌడరు.

"మామా..."

"ఎవడ్రా నీకు మామ?"

"పత్రికల ఉన్నది నా మొఖం గాదు. అసలుది చూపిద్దామని వచ్చిన."

"అసలుదా? పౌడరు చారలు చారలు కారుతుంది," తలుపు చాటు నుంచి శోభ అన్నది. సదయ్య మీసాలల్ల నవ్వుకున్నడు.

ఆమె గొంతు ఒక్కసారే తగ్గింది. "నువ్వు బాయిలకు దిగితె నా పానం కొట్టుకుంటది. గట్ల బతుకుడు నాతోని అయితదా?"

"నీ భయానికి నాకాడ మందు లేదు శోభా. నా కోసం భయపడెటోళ్లు ఉంటె మాత్రం జాగర్తగుంట."

శోభ లోపలికి పోయింది. తువాల తెచ్చి చేతుల పెట్టింది.

"తుడుసుకో అల్లుడా, జలుబు చేస్తది," అన్నడు సదయ్య.

ఇప్పుడు శోభ కాన్పుకు పోయి నస్పూర్‌ల, నాయిన రిటైరై కట్టుకున్న ఇంట్ల ఉన్నది. ఒళ్లె పసిబిడ్డ. పొద్దటి నుంచి వాన. సంపత్ డ్యూటీ ఎప్పుడో అయిపోవాలె, ఫోన్ కలుస్తలేదు. బిడ్డ పడుకున్నా తల్లికి కుదురు లేదు.

మీరెవరన్న సెంటినరీ కాలనీ దిక్కు పోతుంటె, సంపత్ క్వార్టర్ తలుపు ఒక్కసారి కొట్టుండ్రి. ఇల్లు చేరిండా, ఇంత అన్నం తిన్నడా చూసి, శోభకు ఒక్క మాట చెప్పుండ్రి.