తప్పులన్నీ దిద్దేశాడు

"ఇక్కడ కామా అంటే ఎవరు?"

వానలో తడిసిన గొడుగు మూయకుండానే ప్రెస్సులోకి వచ్చిపడింది ఇంగ్లీషు టీచరు. ప్రూఫ్ రీడర్ లేచి నిలబడ్డాడు. మాట మధ్యలో ఆగిపోయే అలవాటు వల్ల ఆ పేరు వచ్చింది అతనికి. ప్రెస్సు వాళ్ళ అమ్మది.

"నేనేనండీ."

"ఈ పేజీలో తప్పులు దిద్దింది మీరేనా?"

"ఒక్కటి కూడా వదల్లేదండీ," అన్నాడు గర్వంగా.

"అదే నా ఖర్మ!"

పేజీ బల్ల మీద కొట్టింది. పిల్లలకి కామాలు, కోలన్లు, సెమికోలన్లు నేర్పడానికి ఆమె రాసిన మొదటి పుస్తకం అది. ఈ పేజీలోది అభ్యాసం. తప్పుగా పెట్టిన గుర్తుల్ని పిల్లలే పట్టుకోవాలి.

"దొంగల్ని పట్టమని పిల్లలకి చెప్పి, దొంగలందర్నీ మీరే జైల్లో వేసేస్తే ఎలా? రేపు పొద్దున బడి కమిటీ ఈ పుస్తకం చూస్తుంది. నచ్చకపోతే మళ్ళీ ఆ పాత పుస్తకమే. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే!"

"తప్పులు పట్టండి అన్న మాట ముందు పేజీ అడుగున ఉందండీ. నా దగ్గరకి పేజీలు విడివిడిగా వస్తాయి."

"ఒక టీచరు పేజీ నిండా తప్పులు రాస్తే డౌట్ రాలేదా? ఫోన్ చేయొచ్చుగా?"

"చేశాను."

"ఎప్పుడు?"

"మీరు హలో అనగానే, కట్ చేశాను."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఆ దిక్కుమాలిన కాల్స్ చేసింది నువ్వేనా!"

పక్క గదిలోంచి వాళ్ళ అమ్మ వచ్చింది. "ఒరేయ్, మాట్లాడ్డానికి నోరు రాలేదు గానీ, పుస్తకం పాడు చేయడానికి చెయ్యి వచ్చిందా? కూర్చుని మళ్ళీ పెట్టు ఆ తప్పులన్నీ. అమ్మా, నువ్వు దగ్గరుండి పెట్టించు. మిషన్ నేను ఆపిస్తాను."

పాత కాపీ కంప్యూటర్లో చెరిగిపోయింది. ఆమె బ్యాగులోంచి చిత్తుప్రతి తీసి చదువుతుంటే అతను టైపు చేశాడు.

"ఆ కోలన్ తీసేసి సెమికోలన్ పెట్టు."

"అది తప్పండీ."

"తప్పే కావాలి!"

"నా చేత్తో పెట్టలేకపోతున్నానండీ."

"దిద్దేటప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు? పెట్టు!"

కళ్ళు మూసుకుని పెట్టాడు. ఆమెకి నవ్వు వచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

"ఇందాకటి నుంచి నన్ను నువ్వు అంటున్నారు," అన్నాడు మెల్లగా.

"కోపంలో అన్నాను."

"కోపం పోయాక కూడా అలాగే అనండి."

"పోతే కదా!"

సాయంత్రానికి కొత్త పేజీ వచ్చింది. ఆమె వేలు పెట్టి ఒక్కో వాక్యం చూసుకుంది. తప్పులన్నీ క్షేమంగా ఉన్నాయి. అతను ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మీరు పుస్తకం ఇవ్వడానికి వచ్చిన రోజు నుంచి, నేను..."

"ఆగావంటే చంపేస్తాను. పూర్తి చెయ్యి."

"మీరంటే నాకు ఇష్టం."

"ఇంత చిన్న మాటకి నా పుస్తకాన్ని ఇంత ఏడిపించావా?" ఆమె గొంతులో కోపమే ఉంది గానీ, చెవులు ఎర్రబడ్డాయి. "రేపు కమిటీ ముందు నా పక్కన నిలబడు. ఏ పేజీ గురించి అడిగినా సమాధానం నువ్వే చెప్పాలి."

"వాళ్ళు ఒప్పుకోకపోతే?"

"ఇద్దరం కలిసి తిట్లు తిందాం. ఒప్పుకుంటే మీ అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రా. ముందే చెప్తున్నా, మా నాన్న నాకంటే కోపిష్టి."

పక్క గదిలోంచి అమ్మ గొంతు గట్టిగా వినిపించింది.

"ఒప్పుకోకపోయినా వస్తాం!"